సియెర్రా నెవాదాలో సైకిల్: తారు రోడ్డా, రాళ్ల బాటా?

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా బాబాయి కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, గ్రనాదాలో ఐదు రోజులుంటాను. రోడ్డు సైకిల్ అద్దెకు తీసుకోనా, మౌంటెన్ బైక్ తీసుకోనా?" అన్నాడు. "కొండకి ఏ వైపు ఉంటావురా?" అని తిరిగి నేనే అడిగాను. సైకిల్ గురించి అడిగితే కొండ గురించి అడుగుతాడేంటని వాడు కాసేపు తికమకపడ్డాడు. ఆ కొండల్లోకి రెండుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి రోడ్డు సైకిల్ మీద, రెండోసారి ఎంటీబీ (మౌంటెన్ బైక్) మీద. అక్కడ ముందు తేల్చుకోవాల్సింది కొండ వైపు. అది తేలితే ఏ సైకిలో దానంతటదే తేలిపోతుంది.

సియెర్రా నెవాదా అంటే మంచుకొండలు. స్పెయిన్ దక్షిణాన, ఆందలూసియాలో, తూర్పు పడమరలుగా పడుకున్న వరుస ఇది. దీని ఉత్తరపు కాళ్ల దగ్గర గ్రనాదా నగరం ఉంది. దక్షిణపు వాలు మీద అల్పుహార్రా అనే పల్లెసీమ, దాన్ని దాటితే మధ్యధరా సముద్రం. ఈ వరుసలో ఎత్తైన శిఖరం ములాసెన్, 3,479 మీటర్లు. పక్కనే ఉన్న వెలేతా దానికన్నా ఎనభై మీటర్లు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు. ఇక్కడ ప్రదొయానో అనే స్కీ ఊరే 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. మన దగ్గర కొండే అయిపోయే ఎత్తు దాటాక కూడా ఇక్కడ హోటళ్లు, కాఫీ కొట్లు కనిపిస్తాయి.

టూకీగా చెప్పాలంటే, ఎత్తు కావాలంటే ఉత్తరం వైపు ఉండండి, ఊళ్లు కావాలంటే దక్షిణం వైపు. ఎత్తుకీ ఊళ్లకీ రోడ్డు సైకిల్ సరిపోతుంది. మనుషులూ కార్లూ లేని చోటు కావాలనుకుంటే అప్పుడు ఎంటీబీ. "రెండూ కావాలి" అనేవాళ్లకు ఒక దారి ఉంది, దాని కథ కొంచెం వేరు. ఒక్కొక్కటే చూద్దాం.

వెలేతా రోడ్డు

యూరప్‌లో ఇంతకన్నా ఎత్తుకు పోయే తారు రోడ్డు లేదు. గ్రనాదా దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి రోడ్డు 45 కిలోమీటర్లు ఎక్కి వెలేతా శిఖరానికి కాస్త కింద ఆగుతుంది. మొత్తం ఎక్కేది 2,700 మీటర్లకు అటూ ఇటూ. సగటు వాలు ఆరు శాతం. తిరుమల ఘాట్ రోడ్డు తొక్కినవాళ్లకి ఆ వాలు కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ ఇరవై కిలోమీటర్ల లోపే గోవిందా అనేసి సైకిల్ దిగుతాం. ఇక్కడ ఇరవై దాటాక కూడా సగం దారి మిగిలే ఉంటుంది, పైగా అసలు కష్టం ఆ సగంలోనే ఉంది. గంటకు 600 మీటర్ల ఎత్తు చొప్పున ఎక్కగలిగితే నాలుగున్నర గంటలు పడుతుంది. మామూలుగా తొక్కేవాళ్లకి ఆగడాలు, తినడాలు కలుపుకుని ఆరు గంటలనుకోండి.

కష్టం వాలు వల్ల కాదు, గాలి పలచబడటం వల్ల. 3,400 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. 2,500 మీటర్లు దాటగానే తేడా తెలుస్తుంది. కాళ్లు బాగానే ఉంటాయి, ఊపిరి మాత్రం అందదు. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ ప్రాక్టీసు చేసినవాడు కూడా అక్కడ ఒక గేరు తగ్గించుకోవాల్సిందే. పెద్ద పెద్ద ప్రొఫెషనల్ జట్లు ఎత్తులో శిక్షణకు ఇక్కడికే వస్తాయి. 2,320 మీటర్ల దగ్గర స్పెయిన్ ప్రభుత్వ క్రీడా శిక్షణ కేంద్రం ఉంది. వాళ్లు రెండు మూడు వారాలు అక్కడే ఉండి ఒంటిని అలవాటు చేసుకుంటారు. మనం పొద్దున్న గ్రనాదాలో టిఫిన్ చేసి మధ్యాహ్నానికి అక్కడుండాలనుకుంటాం. అందుకే వచ్చిన మొదటి రోజే వెలేతా వద్దు, కనీసం మూడో రోజు పెట్టుకోండి.

పైకి మూడు దారులున్నాయి. పెద్ద రోడ్డు ఏ-395 వెడల్పుగా, వాలు ఒకేలా ఉంటుంది. దారి తప్పే భయం లేదు, కానీ శని ఆదివారాల్లో కార్ల రద్దీ ఉంటుంది. రెండోది మొనాచిల్ ఊరి నుంచి ఎల్ పుర్చె మీదుగా. తొమ్మిది కిలోమీటర్ల లోపే, అయినా నడుమ నడుమ వాలు 15 శాతం దాకా పోతుంది. మూడోది గ్వేహార్ సియెర్రా దగ్గర మొదలయ్యే అసాయానాస్. ఏడు కిలోమీటర్ల పొడవునా సగటు తొమ్మిదిన్నర శాతం. కింద కనాలెస్ జలాశయం నీలంగా కనిపిస్తూ ఉంటుంది. దాన్ని చూసే ఓపిక ఉంటే మీ ఫిట్‌నెస్ బాగున్నట్టే.

స్పెయిన్‌లో మూడు వారాలు సాగే వుయెల్తా సైకిల్ రేసు చూసేవాళ్లకి అసాయానాస్ తెలిసే ఉంటుంది. 2013లో క్రిస్ హార్నర్ ఇక్కడే స్టేజి (ఒక రోజు పోటీ) గెలిచాడు. అప్పటికి అతని వయసు 41. ఆ ఏడు మొత్తం రేసు కూడా అతనే గెలిచి, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో జరిగే మూడు పెద్ద టూర్లలో ఏదైనా గెలిచినవాళ్లందరిలోకీ వయసులో పెద్దవాడయ్యాడు. నలభై దాటాక సైకిల్ ఎక్కిన మా బ్యాచ్ మొత్తానికి ఆయన కులదైవం లెక్క. 2024లో ఇదే కొండను ఒకే రోజు రెండుసార్లు ఎక్కించారు, ఆ రోజు గ్రనాదాలో ఆడమ్ యేట్స్ గెలిచాడు.

నా మాట వింటే ఎక్కేటప్పుడు పెద్ద రోడ్డు వదిలి దోర్నాహో సందర్శకుల కేంద్రం దగ్గర పాత రోడ్డు పట్టండి. కొల్లాడో దె లాస్ సబినాస్ మీదుగా పోయే ఈ సన్నటి రోడ్డులో కార్లు తక్కువ, మలుపులు ఎక్కువ, పైన్ చెట్ల నీడ ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం పెద్ద రోడ్డే మంచిది. అలసిన చేతులతో సన్నటి మలుపుల్లో బ్రేకులు పట్టుకుని దిగడం సరదా పని కాదు.

2,500 మీటర్ల దగ్గర ఒయా దె లా మోరా అనే చోట గేటు ఉంటుంది. సొంత కార్లు అక్కడితో ఆగిపోవాలి. సైకిళ్లకు అడ్డు లేదు. వేసవిలో పార్కు మినీబస్సు ఒక్కటి 3,100 మీటర్ల దాకా తిరుగుతుంటుంది. గేటు దాటాక రోడ్డు పేరుకే తారు. గుంతలు, పగుళ్లు, పైనుంచి జారిన రాళ్లు. కుడివైపు కొండ భుజం మీద 30 మీటర్ల తెల్లటి రేడియో టెలిస్కోప్ గొడుగు కనిపిస్తుంది. 1980ల నుంచి అది అక్కడే ఆకాశం వైపు చెవి పెట్టుకుని కూర్చుంది. చివరి కిలోమీటరు మరీ అధ్వానం. 25 మిల్లీమీటర్ల సన్న టైర్లతో వెళ్తే నడిపించుకుంటూ పోవాలి. 28 ఉంటే సరే, 32 ఉంటే హాయి. ఆ పైన నీళ్లు దొరకవు. రెండు సీసాలు ఒయా దె లా మోరా లోపే నింపుకోండి.

దక్షిణం: అల్పుహార్రా

అల్పుహార్రా రోడ్లు పోటీ పడేవాళ్లవి కావు, చూసేవాళ్లవి. ఒకే కొండ వంపులో ఒకదానిపైన ఒకటిగా పంపనేయిరా, బుబియోన్, కపిలేయిరా అనే మూడు తెల్లటి ఊళ్లు. సున్నం గోడలు, మట్టి పరిచిన చదును కప్పులు, గుండ్రటి పొగగొట్టాలు. వీటిని కట్టిన పద్ధతి ముస్లిం కాలం నాటిది. 1568లో ఇక్కడి మోరిస్కోలు (బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింలు) తిరగబడ్డారు, 1571 నాటికి ఆ తిరుగుబాటును అణిచేశారు. తర్వాత వాళ్లను వెళ్లగొట్టి వేరే ప్రాంతాల వాళ్లను తెచ్చి నింపారు. ముస్లిం కాలంలో తవ్విన సాగునీటి కాలువలు మాత్రం ఇప్పటికీ పారుతున్నాయి. అందుకే ఇక్కడ ప్రతి ఊళ్లోనూ వీధి ధార ఉంటుంది. వెలేతాలో లీటరు నీళ్లు మోసుకుపోతుంటే ప్రాణం విసుగొస్తుంది, ఇక్కడ ఒక సీసా చాలు.

ఓర్హీవా ఊరు 450 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి కపిలేయిరా (1,436 మీటర్లు) చేరితే దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కినట్టు. వాలు మెత్తగా, మలుపులు మలుపులుగా పోతుంది. అరకు ఘాట్‌లో అనంతగిరి వైపు ఎక్కినవాళ్లకి చాలా దగ్గరి అనుభవం, కాఫీ తోటల బదులు చెస్ట్‌నట్, బాదం చెట్లు. కపిలేయిరా చూసి కిందికి వచ్చి తూర్పుగా తిరిగితే, కొండ వంపుల వెంట ఎక్కుతూ దిగుతూ త్రెవేలెస్ దాకా రోడ్డు ఉంది. ఆ ఊరు 1,476 మీటర్ల దగ్గర ఉంది, పంది తొడ మాంసం ఆరబెట్టడానికి పేరుమోసింది. వీధిలోకి వెళ్తే కొట్ల కప్పుల నుంచి అవే వేలాడుతుంటాయి. శాకాహారులకు ఆ వాసన ఒక పరీక్షే.

ఈ వైపు ఇంకో ఆకర్షణ పుయెర్తో దె లా రాగ్వా కనుమ, ఎత్తు 2,041 మీటర్లు. ఇది కొండ వరుసను అడ్డంగా దాటే అసలైన రోడ్డు. ఉత్తరాన లా కలవోర్రా ఊరి నుంచి ఎక్కితే పద్నాలుగు కిలోమీటర్ల లోపు. ఊరి పైన గుట్ట మీద నాలుగు గుండ్రటి బురుజుల ఎర్రటి కోట ఉంటుంది. బయటికి ముతకగా, లోపల ఇటలీ పనితనంతో ఉండే ఆ కోటని 16వ శతాబ్దం మొదట్లో కట్టారు. దక్షిణం నుంచి ఎక్కితే దూరం రెట్టింపు. వెలేతా అంత పేరు లేదు కాబట్టి జనం ఉండరు. సగం పొద్దు నేనొక్కడినే తొక్కాను, ఎదురొచ్చినవి రెండు కార్లు, ఒక మేకల మంద.

వెలేతాకీ అల్పుహార్రాకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే? మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను అల్పుహార్రానే చెబుతాను. వెలేతా ఫొటోకి బాగుంటుంది. కానీ ఆ రోజంతా ఎదురుగా చూసేది రోడ్డు మీది తెల్లగీతనే. అల్పుహార్రాలో రోజుకి ఐదు ఊళ్లు, ఐదు కాఫీలు. ఇంటావిడో, తమ్ముడో వెంట వచ్చి వాళ్లకి సైకిల్ పిచ్చి లేకపోతే ఇది ఇంకా నయం. వాళ్లు బస్సులోనో కారులోనో తర్వాతి ఊరికి చేరి మీకోసం నీడలో కూర్చుంటారు. వెలేతా రోజున వాళ్లు ఆరు గంటలు హోటల్లో కూర్చుని మిమ్మల్ని తిట్టుకుంటారు.

రాళ్ల బాటలు

ఎంటీబీకి సియెర్రా నెవాదా మంచి చోటా అంటే, మంచి చోటే. 2000 సంవత్సరంలో మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలు ఇక్కడే జరిగాయి. క్రాస్ కంట్రీలో పురుషుల్లో ఫ్రాన్స్‌కు చెందిన మిగెల్ మార్టినెజ్, స్త్రీలలో మయోర్కా అమ్మాయి మార్గరీతా ఫుయానా గెలిచారు. స్పెయిన్ గడ్డ మీద స్పెయిన్ అమ్మాయి గెలవడం ఆ రోజు ఎంత సందడై ఉంటుందో.

మొదటి రోజుకి గ్రనాదాలోనే, ఆల్హంబ్రా కోటకి పైనున్న యానో దె లా పెర్దిస్ చాలు. కోట వెనక ఎక్కితే ఆలివ్, పైన్ చెట్ల మధ్య వెడల్పాటి మట్టి దారులు. గ్రనాదా కుర్రాళ్లు సాయంత్రం పని అయ్యాక తొక్కేది ఇక్కడే. పడినా పెద్దగా తగలదు. హైదరాబాద్ దగ్గర, వికారాబాద్ పక్కనున్న అనంతగిరి అడవి దారులు తొక్కినవాళ్లు ఇక్కడ మొదటి గంటలోనే కుదురుకుంటారు.

రెండో రోజు లా సూబియా ఊరి పైన కుంబ్రెస్ వెర్దెస్ దగ్గర నుంచి మొదలయ్యే దారులు. ఇక్కడ నేల మారిపోతుంది. ట్రెవెంకె శిఖరం చుట్టూ డోలమైట్ రాయి పిండై తెల్లటి ఇసుకగా పడి ఉంటుంది. గట్టి నేల మీద పలచటి ఇసుక పొర, పైగా మలుపు. ఆవాల మీద కాలేసినట్టే ఉంటుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టారా, పోయారే. టైరులో గాలి కొంచెం తగ్గించి, బరువు వెనక్కి పెట్టి, బ్రేకులు మలుపుకి ముందే వాడాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మోచేతి మీద ఇప్పటికీ ఆ జ్ఞానం ఉంది.

ఎక్కడం ఇష్టం లేక దిగడమే ఇష్టమైనవాళ్లకి ప్రదొయానోలో బైక్ పార్కు ఉంది. చలికాలం స్కీ వాళ్లను మోసే కేబుల్ కారు వేసవిలో సైకిళ్లను 2,645 మీటర్ల దగ్గరి బొర్రెగీలెస్ దాకా మోస్తుంది. అక్కడి నుంచి 550 మీటర్లు దిగుడే దిగుడు. వేసవిలో కొన్ని వారాలే తెరుస్తారు కాబట్టి టికెట్లు కొనే ముందు తేదీలు చూసుకోండి. మొహాన్నంతా కప్పే హెల్మెట్, మోకాలి తొడుగులు అక్కడే అద్దెకు తీసుకోండి. "నేను మెల్లగా దిగుతాలే" అన్న మాట ఆ కొండకి వినపడదు.

ఎంటీబీ వాళ్లు మరిచిపోకూడని విషయం, కొండ పైభాగం 1999 నుంచి జాతీయ పార్కు. సైకిల్‌ని ఎక్కడ పడితే అక్కడ తిప్పడానికి వీల్లేదు. పై బాటల్లో చాలావరకు నడిచేవాళ్లకే. దోర్నాహో కేంద్రంలో ఆగి ఆ వారం ఏ దారి తెరిచి ఉందో అడిగి పోవడం మంచిది. మొనాచిల్‌లో లోస్ కాఓర్రోస్ అనే ఇరుకు లోయ, వేలాడే వంతెనలు అందంగా ఉంటాయి. అక్కడికి మాత్రం సైకిల్ తీసుకెళ్లొద్దు. ఒక మనిషి పక్కకి తిరిగి పోవాల్సిన చోటుకి హ్యాండిల్ బార్ తెచ్చినవాణ్ని ఎవరూ క్షమించరు.

రోజుల తరబడి తొక్కాలనుకుంటే ట్రాన్స్‌నెవాదా ఉంది. కొండ మొత్తాన్నీ చుట్టి వచ్చే 450 కిలోమీటర్ల ఎంటీబీ దారి, ఎనిమిది భాగాలు. ఎక్కువగా అడవి దారులే, సాంకేతికంగా భయపెట్టదు, ఓపికను మాత్రం పిండేస్తుంది. రెండు వారాలు సెలవున్నవాళ్లకి, జంటగా పోయేవాళ్లకి మంచిది. ఒంటరిగా వద్దు. నడుమ ఊళ్లు దూరం.

రెండూ కావాలనేవాళ్లకి

ఇందాక చెప్తానన్న దారి ఇదే. వెలేతా రోడ్డు శిఖరం దగ్గర ఆగిపోతుందన్నాను కదా, నిజానికి ఒకప్పుడు అది కొండ దాటి అటువైపు కపిలేయిరా దాకా పోయేది. ఇప్పుడు ఆ అవతలి భాగానికి కార్లు రావు. సుమారు 3,200 మీటర్ల దగ్గరి కరీవెలా కనుమ దాటితే మట్టీ రాళ్లూ కలిసిన దారి ములాసెన్ భుజం కింద నుంచి, చిన్న చిన్న సరస్సుల పక్క నుంచి పోయి, మెల్లగా దిగి, అడవిలో పడి కపిలేయిరా చేరుతుంది. పొద్దున్న ఉత్తరాన తారు, సాయంత్రం దక్షిణాన తెల్లటి ఊరు. ఒకే రోజులో కొండని అడ్డంగా దాటేస్తారు. ఆకాశం తేటగా ఉంటే దక్షిణాన సముద్రం, దాని వెనక సన్నటి గీతలా ఆఫ్రికా కనిపిస్తాయి.

నా లెక్కలో ఈ కొండల్లో అన్నిటికన్నా గొప్ప రోజు ఇది. అయినా అందరికీ చెప్పను. రోడ్డు సైకిల్‌తో కుదరదు, టైర్లు చచ్చిపోతాయి. 45 మిల్లీమీటర్ల టైర్లున్న గ్రావెల్ సైకిల్ (మట్టి దారులకి చేసిన రోడ్డు సైకిల్) అలవాటున్నవాళ్లకి సరిపోతుంది, మిగిలినవాళ్లకి ముందు సస్పెన్షన్ ఉన్న తేలికపాటి ఎంటీబీ. అలాంటి సైకిల్‌తో గ్రనాదా నుంచి తారు మీద 2,700 మీటర్లు ఎక్కడం అంటే గంటలు గంటలు. అందుకే చాలామంది కారులోనో, టాక్సీలోనో ఒయా దె లా మోరా దాకా పోయి అక్కడి నుంచి మొదలుపెడతారు. ఇందులో నామోషీ ఏమీ లేదు. జూలై వచ్చినా కనుమలో మంచు గడ్డలు మిగిలి ఉండొచ్చు. మధ్యాహ్నం దాటాక మబ్బులు పట్టి ఉరిమితే దాక్కోవడానికి ఒకటి రెండు రాతి గూళ్లు తప్ప ఏమీ లేవు. పొద్దున్న తొమ్మిదికల్లా గేటు దగ్గర లేకపోతే ఆ రోజు వదిలేయండి.

బ్యాటరీ సైకిల్ మాటేమిటి అంటారా? కుంబ్రెస్ వెర్దెస్ దారులకి అది దివ్యంగా ఉంటుంది, రోజుకి రెండు గుట్టలు ఎక్కువ తిరగొచ్చు. ఈ కొండ దాటే దారికి మాత్రం బ్యాటరీని లెక్క చూసుకుని వాడండి. 3,000 మీటర్ల దగ్గర చార్జి అయిపోతే పాతిక కిలోల ఇనుము మీ నెత్తిన పడ్డట్టే.

గేర్లు, బ్రేకులు, రోజులు

రోడ్డు సైకిల్ అద్దెకు తీసుకునేటప్పుడు ఫ్రేము కార్బనా కాదా అని కాదు, గేర్లు చూడండి. ముందు 34 పళ్లు, వెనక కనీసం 34 పళ్లు ఉండాలి. అప్పుడు ఒక తొక్కుకి ఒక చక్రం తిరుగుడు. నిమిషానికి 70 తొక్కితే గంటకు తొమ్మిది కిలోమీటర్ల లోపే వేగం. అసాయానాస్ లాంటి తొమ్మిదిన్నర శాతం వాలులో 70 కిలోల మనిషి ఆ వేగం నిలబెట్టాలన్నా దాదాపు 190 వాట్లు పెట్టాలి. అంత శక్తి గంటసేపు పెట్టలేకపోతే పిక్కలు పట్టేస్తాయి, నడిపించుకోవాల్సి వస్తుంది. రేసు సైకిల్‌కి ఉండే 28 పళ్ల కేసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఇస్తే మొహమాటం లేకుండా మార్చమని అడగండి. ఎంటీబీలకి ఈ బాధ లేదు, వెనక 50 పళ్లు ఉంటే గోడ కూడా ఎక్కుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకులు. మన దగ్గర అలవాటు ప్రకారం కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. స్పెయిన్‌లో ఎడమచేతిది ముందు చక్రానిది. మాటల్లో చిన్న తేడా, దిగుడులో పెద్ద తేడా. వెనక బ్రేకనుకుని ఎడమది గుంజారో, సైకిల్ కన్నా మీరే ముందుంటారు. షాపు వాళ్లను అడిగితే కొందరు మార్చి ఇస్తారు. లేకపోతే ఖాళీ పార్కింగులో పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరిగి చేతులకి నేర్పించండి. వాహనాలు కుడివైపు నడుస్తాయన్నది కూడా అంతే. రోడ్డు మీద గుర్తుంటుంది, కాఫీ తాగి మళ్లీ బయల్దేరిన మొదటి నిమిషంలోనే మరిచిపోతాం.

రోడ్డు మీద మర్యాద మాత్రం హాయినిస్తుంది. కారు మనల్ని దాటాలంటే మీటరున్నర ఎడం వదలాలని చట్టం, చాలామంది వదులుతారు కూడా. మలుపులో దారి కనపడకపోతే హారన్ కొట్టకుండా వెనకే వస్తారు. మొదటిసారి వెనక కారు అలా నెమ్మదిగా వస్తుంటే ఏదో తప్పు చేశాననుకుని పక్కకి దిగిపోయాను. ఊరి బయట హెల్మెట్ తప్పనిసరి. ఆపద వస్తే 112కి ఫోన్ చేయాలి.

ఏ నెల అంటే, వెలేతా పైదాకా పోవాలంటే జూలై నుంచి అక్టోబరు మొదటి భాగం దాకా. ముందయితే మంచు, తర్వాతయితే మళ్లీ మంచు. అల్పుహార్రాకి మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు. జూలై, ఆగస్టుల్లో గ్రనాదా ఎండ మన విజయవాడని గుర్తు చేస్తుంది, చెమట మాత్రం అంత పట్టదు. కింద 35 డిగ్రీలున్నప్పుడు వెలేతా పైన పద్దెనిమిది ఉండొచ్చు. చెమటతో తడిసిన జెర్సీ, దిగుడు గాలి కలిస్తే పళ్లు టకటకలాడతాయి. పల్చటి గాలి చొక్కా జేబులో పెట్టుకోండి. చలికాలంలో పైకి పోలేరు కానీ, అల్పుహార్రా కింది ఊళ్లు, ఓర్హీవా చుట్టుపక్కల రోడ్లు, సముద్రం ఒడ్డున మొత్రిల్ దాకా హాయిగా తొక్కొచ్చు.

తిండి మాట కొంచెం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర ముందు వంటిల్లు తెరవరు, రాత్రి ఎనిమిదిన్నర ముందు భోజనం దొరకదు. రెండు నుంచి ఐదు దాకా కొట్లు మూసేస్తారు. ఎక్కి దిగి ఆకలితో మూడున్నరకి ఊళ్లోకి వచ్చినవాడి మొహం నేను చూశాను, అది నాదే. మాంసం తిననివాళ్లు "సిన్ కార్నె, సిన్ హమోన్" అని రెండూ చెప్పాలి. మాంసం వద్దంటే తొడ మాంసం ముక్కలు వేసి తెచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది వేరే. బెరెన్‌హెనాస్ కోన్ మియెల్ అని అడిగితే వంకాయ ముక్కలు వేయించి చెరకు పాకం పోసి తెస్తారు. బజ్జీల మీద బెల్లం పాకం అనుకోండి. సైకిల్ దిగినవాడికి అంతకన్నా ఏం కావాలి.

ఇక మా తమ్ముడి సంగతి. వాడు బెంగళూరులో ఉన్నప్పుడు నంది హిల్స్ నెలకోసారి ఎక్కేవాడు, మట్టి దారుల అలవాటు తక్కువ. అలాంటివాడికి నా ప్రణాళిక ఇది. రోడ్డు సైకిల్ నాలుగు రోజులు, మొదటి రెండు రోజులు అల్పుహార్రాలో, మూడో రోజు విశ్రాంతి, ఆల్హంబ్రా చూడటం, నాలుగో రోజు పాత రోడ్డు మీదుగా వెలేతా. ఐదో రోజు కాళ్లు ఒప్పుకుంటే ఒక్క పూట ఎంటీబీ తీసుకుని యానో దె లా పెర్దిస్. మట్టి దారుల్లోనే పెరిగినవాడైతే లెక్క తిరగేసేవాణ్ని, వెలేతా పూర్తిగా వదిలేసి ఆ రోజు కొండ దాటే దారికి పంపేవాణ్ని. పిల్లలతో వచ్చేవాళ్లకయితే ఈ రెండూ కాదు. గ్వేహార్ సియెర్రా కింద 1925 నుంచి 1974 దాకా నడిచిన పాత ట్రామ్ దారి ఉంది. సొరంగాల్లోంచి, హెనిల్ నది పక్కనే, వాలు తక్కువ. అప్పుడప్పుడు కార్లు వస్తాయి, సొరంగాల్లో లైటు వేసుకుంటే చాలు.

వాడు అన్నీ విని రెండు సైకిళ్లూ బుక్ చేశాడు. రాత్రి మళ్లీ ఫోన్, పెడళ్లు ఏ రకం కావాలని షాపు వాళ్లు అడుగుతున్నారట.